తాళం వేసే ముందు వేసిన బొమ్మ

మా బావకి పాలవాడి మీద అనుమానం, పేపరు వేసే మనిషి మీద అనుమానం, ఆఖరికి హాల్లో గోడ గడియారం మీద కూడా అనుమానమే. తను చూడనప్పుడు అది కాస్త ఆగి నడుస్తుందని ఆయన గట్టి నమ్మకం. మా అక్క టీ కప్పు చేతికిస్తే తాగే ముందు వాసన చూసి, "ఇవాళ ఏం మార్చావు?" అంటాడు.

"మొగుణ్ణి మారుద్దామనుకున్నాను, కుదర్లేదు. టీపొడి అదే," అంటుంది మా అక్క.

వాళ్ల కాపురం ఈ పద్ధతిలో బాగానే నడుస్తోంది. మేం అదే ఇంట్లో పక్క వాటాలో ఉంటాం కాబట్టి ఈ విచారణలన్నీ నాకు గోడ ఇవతలికి వినబడుతూనే ఉంటాయి. నాకూ కొంచెం ఆ జబ్బు ఉందనుకోండి. ఎవరైనా నన్ను మరీ మెచ్చుకుంటే అప్పు అడగబోతున్నారేమోనని హ్యాండుబ్యాగు దగ్గరికి లాక్కుంటాను. కానీ మా బావతో పోలిస్తే నేనెంత!

ఉద్యోగం కూడా ఇద్దరిదీ ఒకేచోట. కుళాయిలు, పైపులు, నీళ్ల ట్యాంకులు అమ్మే పెద్ద కొట్టు అది. ముందు కౌంటర్లో నేను బిల్లులు రాస్తాను. వెనక గోదాముకి మా బావ స్టోర్ కీపరు. ఆయన నడుముకి తాళాలగుత్తి లేకుండా నేను చూసింది ఒక్క పెళ్లి ఫోటోలోనే. అందులో కూడా చెయ్యి నడుం మీదే ఉంది.

ఇక బొమ్మల సంగతి. సాయంత్రం కొట్టు కట్టేసే వేళ అందరూ చెప్పులు వెతుక్కుంటుంటే, ఆయన ఖాళీ పెయింటు డబ్బా బోర్లించుకుని ఏదో ఒక ర్యాకు ముందు కూర్చుంటాడు. ఒకవైపు తెల్లగా మిగిలిన పాత బిల్లు కాగితాలు కుట్టించుకున్న పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఆ ర్యాకులో ఏ వస్తువు ఎక్కడుందో బొమ్మ వేస్తాడు. వేశాక తాళం. పొద్దున తాళం తీయగానే ఆ బొమ్మని ర్యాకుకి ఎదురుగా ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, రాత్రికి రాత్రి ఏదైనా కదిలిందా అని సరిచూస్తాడు.

ఈ అలవాటుకి కారణం ఆయనకి ముందున్న స్టోర్ కీపరు. సరుకు పుస్తకంలో ఎవరో అంకె దిద్దారు. ఎవరు దిద్దారో తేలలేదు, ఆ మనిషి ఉద్యోగం మాత్రం పోయింది. తాళాలు చేతికి రాగానే మా బావకి పట్టుకున్న భయం అదే. "అంకె దిద్దితే ఎవరికీ తెలీదు. బొమ్మ దిద్దితే కనబడిపోతుంది," అని తేల్చేశాడు. ఆయన బొమ్మలు ఎక్కడా నేర్చుకోలేదు. కుళాయిల కంపెనీలు పంపే క్యాటలాగుల మీద పల్చటి కాగితం పెట్టి గీసి గీసి చెయ్యి తిప్పుకున్నాడు. తర్వాత ఆ క్యాటలాగుల మీద కూడా అనుమానం వచ్చి, వస్తువునే చూసి వేయడం మొదలుపెట్టాడు.

గోదాములో అందరూ ఆయన్ని కెమెరా అంటారు. ఓనరు గారికి ఆ పేరు తెగ నచ్చింది. ఎవరైనా సీసీ కెమెరాలు పెట్టించండి సార్ అంటే, "ఎందుకు? కరెంటు ఖర్చు లేని కెమెరా నా దగ్గరుందిగా," అనేవారు. ఆ మాటకి మా బావ పైకి ముఖం ముడుచుకునేవాడు గానీ లోపల పొంగిపోయేవాడు. ఆ సాయంత్రాలు మా అక్క ఇచ్చిన టీ వాసన చూడకుండా తాగేసేవాడు.

కొట్టు బోర్డుకి రంగులేయడానికి వచ్చిన పెయింటరు ఒకసారి గోదాములో నిచ్చెన పెట్టుకోవడానికి వచ్చి, ఆ పుస్తకం చూశాడు. పేజీ తర్వాత పేజీ తిప్పుతూ నోరు వెళ్లబెట్టాడు. "అన్నా, నువ్వు స్టోర్ కీపరువి కాదన్నా, ఆర్టిస్టువి!" అన్నాడు.

"రంగు డబ్బాలు తక్కువ రేటుకి ఇప్పించమంటావా ఏంటి?" అన్నాడు మా బావ, పుస్తకం లాక్కుంటూ.

పెయింటరు నవ్వి ఊరుకోలేదు. ఒక పేజీ మీద వేలు పెట్టి, "ఇక్కడొక్కటే తేడా. ఈ కింది మూల ఖాళీగా ఉంది, అందుకే బొమ్మంతా ఒకవైపు ఒరిగిపోతోంది. ఇక్కడ ఏదైనా ఒక బరువైన వస్తువు ఉంటే నిలబడేది," అని వెళ్లిపోయాడు. ఇంటికి వచ్చి మా బావ ఆ మాట చెప్పి, "లేని వస్తువు ఎక్కణ్ణించి తెస్తాం? వాడికి పనీపాటా లేదు," అని కొట్టిపారేశాడు. కొట్టిపారేసిన మనిషి అన్నం తింటూ మళ్లీ అదే మాట ఎత్తాడు. చెయ్యి కడుక్కుంటూ ఇంకోసారి ఎత్తాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

గోదాములో ప్యాకింగు చేసే ఒకావిడ ఉంది. అట్టపెట్టెలకి అంటించే టేపు చుట్ట ఎప్పుడూ ముంజేతికి గాజులా వేలాడుతుంటుంది కాబట్టి అందరూ టేపక్క అంటారు. మా బావ ఈడుదే. ముక్కు మీద కోపం, పనిలో మాత్రం వంక పెట్టలేం. ఆవిడ కట్టిన పెట్టె ఊళ్లు తిరిగి వచ్చినా మూత ఊడదు. మా బావ డబ్బా మీద కూర్చుని బొమ్మ వేస్తుంటే, "ఏవయ్యా కెమెరా, అయిందా నీ పూజ? నేను ఇంటికి పోవాలి," అని అరిచేది. పుస్తకం మూసేదాకా మా బావ గోదాములోంచి ఎవర్నీ బయటికి పోనివ్వడు. పొద్దున ముందొచ్చే మనిషి కూడా ఆవిడే కాబట్టి మా బావ అనుమానాల్లో సింహభాగం ఆవిడకే దక్కేది.

ఒక బుధవారం ఒక ఆసామి వచ్చి పెద్ద ఇత్తడి వాల్వు కావాలన్నాడు. లావుపాటి గొట్టానికి బిగించి, పైన ఉన్న చక్రం తిప్పితే నీళ్లు ఆగిపోతాయి. అలాంటిది మా దగ్గర ఒక్కటే ఉంది, ఖరీదైన సరుకు, అడుగు అరలో చాలాకాలంగా కూర్చుని ఉంది. తీసుకురమ్మంటే మా బావ వెళ్లి, వట్టి చేతులతో తిరిగొచ్చాడు. ముఖం పాలిపోయింది. గోదామంతా గాలించారు. లేదు.

ఓనరు గారు పిలిపించి, "ఆఖరిసారి ఎప్పుడు చూశావు?" అన్నారు. మా బావ అందుకోసమే పుట్టినట్టు పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాడు. మొన్న శనివారం సాయంత్రం వేసిన బొమ్మ. అడుగు అరలో, కుడివైపు మూలన, చక్రంతో సహా వాల్వు నిగనిగలాడుతూ ఉంది. పక్కనున్న ఓనరు గారి బావమరిది కూడా వంగి చూసి, "అబ్బ, చేత్తో తీసుకోవచ్చు అన్నట్టుందే," అన్నాడు.

శనివారం ఉంది. ఆదివారం కొట్టు మూత. సోమవారం పొద్దున మా బావకి పన్ను నొప్పి వచ్చి, దవడ వాచిపోయి, తాళాలు టేపక్కకి పంపించి తను మధ్యాహ్నానికి వచ్చాడు. ఆ పొద్దున బొమ్మ పెట్టి సరిచూడడం జరగలేదు. అంటే గోదాములో ఒంటరిగా ఉన్నది ఎవరు? ఓనరు గారు పెద్దగా ఆలోచించలేదు.

టేపక్క వచ్చి నిలబడింది. బొమ్మ చూపించారు. "నేను తీయలేదు సార్," అంది.

"బొమ్మలో ఉందిగా?" అన్నారు ఓనరు గారు.

"బొమ్మలో ఉంటే బొమ్మేసినాయన్ని అడగండి."

"ఆయన్ని అడిగే చెబుతున్నాను. రేపు పొద్దునకల్లా వాల్వు తెచ్చి పెడతావా, సరే. లేదంటే స్టేషన్లో చెప్పుకో. ఉద్యోగం సంగతి ఎలాగూ నీకు తెలుసు."

టేపక్కకి కోపం వస్తే గోదాము అదిరిపోతుంది. ఆ రోజు ఆవిడ మాత్రం చేతికున్న టేపు చుట్టని తిప్పుకుంటూ మా బావ వైపు చూసింది. ఆయన కళ్లు బొమ్మ మీదే ఉన్నాయి. నాకు ఆవిడ మీద అనుమానం లేదా అంటే, ఉంది. నేనూ మా బావ మరదల్నే కదా. ఎవరింట్లో ఏ అవసరం ఉందో ఎవరికి తెలుసు అనుకున్నాను. కానీ అదే సమయంలో ఓనరు గారి బావమరిది కొత్తగా కట్టుకుంటున్న ఇల్లు కూడా నాకు గుర్తొచ్చింది. ఆ ఇంటికీ నీళ్ల గొట్టాలు వేస్తారు కదా.

మధ్యాహ్నం ఓనరు గారు నన్ను పిలిచి, "అమ్మాయ్, మీ బావ పుస్తకాలన్నీ పట్టుకెళ్లి, ఈ వాల్వు ఎప్పట్నుంచి ఎక్కడుందో చూసి ఒక కాగితం మీద రాసుకురా. స్టేషన్లో అడుగుతారు," అన్నారు. పొద్దుటి నుంచి ఓనరు గారి బల్ల మీదే ఉన్న ఆ పుస్తకాల మోపు అలా నా ఒళ్లోకి వచ్చింది. పనయ్యాక ఇంటి వరండాలో కూర్చుని, ఇంకా వెలుతురుండగానే ఒకటొకటే తెరిచాను. ఇన్నేళ్లుగా ఒక్క పుస్తకమూ నాకు చూడనిచ్చింది లేదు ఆయన.

మొదటి పుస్తకాలు చూస్తే నవ్వొచ్చింది. స్కేలు పెట్టి గీసిన గళ్లు, వాటిలో పెట్టెలు, ఒక్కోదాని మీద పేరు. చిన్నపిల్లలు ఇల్లు వేసినట్టున్నాయి. తర్వాత స్కేలు పోయింది. కొన్ని పేజీల్లో కుళాయి ముక్కు కుదరక ఒకే కుళాయిని పేజీ నిండా వేసుకుంటూ పోయాడు, ఒకదాని పక్కన ఇంకోటి, ఆఖరిది కూడా కుదరలేదు. పక్కన "ఇది కాదు" అని రాసుకున్నాడు. ఒకచోట మా అక్క చెప్పిన సరుకుల పేర్లు, సబ్బు, అగ్గిపెట్టె, ఉల్లిపాయలు. పెన్సిలు మొన చెక్కాక పదునుచూసిన గీతలు. టీ కప్పు అడుగు గుండ్రంగా అంటుకున్న మరక, ఆ మరకని కూడా వదలకుండా పైపు నోరుగా మార్చేశాడు.

ఒక పుస్తకం దగ్గర్నుంచి నీడలు వచ్చాయి. ఆ రోజులు నాకు గుర్తున్నాయి. గోదాములో ఆయన భుజం మీంచి తొంగిచూసి నీడలెందుకు బావా అంటే, "నీడ ఏ పక్కకి పడిందో చూస్తే ఏ వేళకి వేశానో తెలుస్తుంది. సాక్ష్యం," అన్నాడు. సాక్ష్యమే అనుకుందాం. మరి ఆ నీడ అంచుల్ని వేలితో అంత మెత్తగా రుద్దడం దేనికి? ఎవరూ చూడని పుస్తకంలో అంత ముచ్చట దేనికి?

ఇంకా ముందుకి వెళ్లేకొద్దీ నా అనుమానం మా బావ మీదికి తిరిగింది. వరుసగా ఒక్కో రోజు ఒక్కో ర్యాకు వేయాలి, అదీ పద్ధతి. ఈ మధ్య పుస్తకాల్లో పద్ధతి లేదు. పక్క గోడకి పేర్చిన పైపుల గుండ్రటి నోళ్లే మళ్లీ మళ్లీ ఉన్నాయి. కిటికీలోంచి వచ్చే సాయంత్రపు ఎండ వాటి మీద పడుతుంది, అదీ అసలు సంగతి. ఈయన కాపలా కాయడం మానేసి తనకి నచ్చింది వేసుకుంటున్నాడు! అడుగు అర బొమ్మ కోసం వెతుకుతూ వెనక్కి వెనక్కి వెళితే, ఎప్పుడో ఎండాకాలంలో వేసింది దొరికింది, అందులో వాల్వు ఉంది. దాని తర్వాత మొన్న శనివారానిదే. ఆ రెంటికీ మధ్య వాల్వు ఎప్పుడు పోయిందో, ఎవరు తీసుకెళ్లారో చెప్పే బొమ్మ ఒక్కటీ లేదు.

అప్పుడు శనివారం బొమ్మని వెలుతురుకి పట్టుకుని చూశాను. అరలో గొట్టాన్ని మూల తిప్పే ఎల్బోలు, చుట్టిన తాడు, చిరిగిన అట్టపెట్టె, కుళాయిలు. ప్రతి వస్తువు చుట్టూ రెండేసి మూడేసి గీతలున్నాయి. ఒకటి గీయడం, నమ్మకం కుదరక దాని పక్కనే ఇంకోటి గీయడం, మళ్లీ చూసి సరిచేయడం. ఇన్ని పుస్తకాల్లోనూ ఆయన గీత అంతే. తన చేతిని తనే నమ్మడు కాబట్టి ఏదీ ఒక్క దెబ్బలో గీయడు. వాల్వుకి మాత్రం ఒకే గీత. చక్రం ఒక్క తిప్పుడుకి వచ్చేసింది. ఎక్కడా తడబాటు లేదు, దిద్దుబాటు లేదు. పేజీలో అన్నిటికన్నా అందంగా ఉన్నది అదే.

పుస్తకం పట్టుకుని పక్క వాటాలోకి వెళ్లాను. మా బావ అప్పుడే స్నానం చేసి వచ్చి తువ్వాలు ఆరేస్తున్నాడు.

"బావా, ఈ వాల్వు చూసి వేశారా, చూడకుండా వేశారా?"

"ఇదేం ప్రశ్న? ఉంటేనే కదా వేస్తాను!"

"మిగతావాటికి ఇన్ని గీతలున్నాయి. దీనికి ఒకటే ఉంది."

ఆయన పుస్తకం లాక్కుని చూశాడు. చూసి, ఒంటికాలి మీద లేచాడు. "నిన్ను ఎవరు పంపించారు? ఆవిడ వచ్చి నీ దగ్గర ఏడ్చిందా? అన్ని బొమ్మలూ ఒకలాగే వస్తాయా? ఒకరోజు చెయ్యి బాగా నడుస్తుంది, ఒకరోజు నడవదు!"

"చెయ్యి బాగా నడిస్తే తాడుకి కూడా నడవాలిగా."

మా అక్క వంటింట్లోంచి చెంచాతో సహా బయటికి వచ్చింది. ఆవిడకి వాల్వు గొడవంతా అప్పటికే తెలుసు. "మీ ఇద్దరి వాదనతో నా పొయ్యి కూడా ఆరిపోయేలా ఉంది. ఒక పని చేయండి. మన వంటింటి అలమర రోజూ చూస్తారుగా, హాల్లో కూర్చుని చూడకుండా వేయండి. ఎంత నమ్మకమైన కెమెరానో నేను చెబుతాను," అంది.

ఆయన పౌరుషానికి పోయి కూర్చున్నాడు. పెన్సిలు నడుస్తుంటే నేను పక్కనే నిలబడ్డాను. చకచకా వచ్చేసింది బొమ్మ. పై అర, డబ్బాలు, గ్లాసుల వరుస, జల్లెడ, చివర పొడుగాటి పింగాణీ జాడీ. ఒకే గీత, నున్నగా. ఆ నున్నదనం చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. పేజీ పట్టుకుని ముగ్గురం వంటింట్లోకి వెళ్లాం. మా బావ ఎప్పటిలాగే కాగితం ఎత్తి పట్టి, ఒక కన్ను మూసి అలమరని చూశాడు. డబ్బాలు ఉన్నాయి, గ్లాసులు ఉన్నాయి, జల్లెడ ఉంది.

"జాడీ ఎక్కడ?" అన్నాడు.

"జాడీయా? అది పగిలి ఎంత కాలమైంది! మీ మోచెయ్యి తగిలే పగిలింది," అంది మా అక్క.

ఆయన కాగితం కిందికి దించాడు. జాడీ ఉండాల్సిన చోటు అలమరలో ఖాళీగానే ఉంది. ఆ ఖాళీని ఆయన చెయ్యి ఒప్పుకోలేకపోయింది, అంతే. మా అక్క నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది. ఆయన అక్కడే బియ్యం డబ్బా మీద కూలబడ్డాడు.

"శనివారం ఆ మూల చీకటిగా ఉంది," అన్నాడు. "వాల్వు అక్కడే కదా ఉంటుంది అనుకున్నాను. ఆ మూల వదిలేస్తే బొమ్మ ఒరిగిపోతుంది. వేశాక బాగుంది. చాలా బాగుంది అనుకుని తాళం వేసుకొచ్చాను." తర్వాత నా వైపు తిరిగి అన్నాడు, "ఊళ్లో అందర్నీ కనిపెట్టుకుని ఉన్నాను. నా చేతిని ఎవరు కనిపెట్టాలే?"

నాకు జాలేసింది. భయం కూడా వేసింది. ఎందుకంటే పొద్దున్నే చెబుతాను అని ఆయన అనలేదు. బొమ్మ తప్పని చెబితే టేపక్క బయటపడుతుంది, కానీ ఆ తర్వాత ఆయన మాట ఎవరు వింటారు? ఇన్నేళ్లుగా ఆయనకున్న పరువంతా ఆ కంటిచూపే. అది వదులుకునే మనిషా ఈయన అని నేను అనుమానపడుతూనే నా వాటాకి వచ్చాను.

మర్నాడు పుస్తకాల మోపు మోసుకుంటూ ఆయన వెనకే కొట్టుకి వెళ్లాను. ఆఫీసు గదిలో ఓనరు గారు, బావమరిది కూర్చుని ఉన్నారు. టేపక్క గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. వాల్వు తేలేదు, తేవడానికి ఆవిడ దగ్గర ఉంటే కదా. ఓనరు గారు ఫోను చేతిలోకి తీసుకున్నారు.

"ఆగండి సార్," అన్నాడు మా బావ. "శనివారం వాల్వు అక్కడ ఉందని నేను చెప్పలేను. ఉందో లేదో నేను చూడలేదు. బొమ్మకి బాగుంటుందని వేశాను."

టేపక్క కూడా అర్థం కానట్టే చూసింది. ముందుగా నవ్విందెవరంటే బావమరిది. "బొమ్మకి బాగుంటుందనా? బావా, విన్నావా? నిన్న ప్రమాణం చేసినంత పని చేశాడు. రాత్రి ఎవరో వచ్చి కాళ్లావేళ్లా పడుంటారు. లేకపోతే ఇద్దరూ కలిసే లాగించి ఉంటారు."

ఓనరు గారి ముఖం మారిపోయింది. ఆయన ఇప్పుడు మా బావని చూస్తున్న చూపు, మా బావ అందర్నీ చూసే చూపే. "ఆవిడకీ నీకూ ఏమిటి సంబంధం? ఏం పంచుకున్నారు?" అన్నారు.

నేను పుస్తకం తెరిచి గీతల సంగతి చెప్పబోయాను. "నువ్వు ఊరుకో అమ్మాయ్, నువ్వు ఆయన మరదలివి," అని నా నోరు మూయించారు. నాకు ఒళ్లు మండిపోయింది. నిజం చెబితే అబద్ధంలా ఉంది, నిన్నటి అబద్ధం నిజంలా బల్ల మీద నిగనిగలాడుతోంది. చూడకుండా ఎవరూ అలా వేయలేరని ఓనరు గారి ధైర్యం.

మా బావ బల్ల మీదున్న బిల్లు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి వెనక్కి తిప్పాడు. పెన్సిలు కూడా అడగలేదు, ఓనరు గారి ముందున్న పెన్నే తీసుకున్నాడు. నిలబడే గీశాడు. ముందు గొట్టం నోరు, దాని మీద మెడ, మెడ చుట్టూ బోల్టులు, ఆ పైన చక్రం. పెన్ను ఎక్కడా ఆగలేదు. చక్రం ఒక్క తిప్పుడుకి వచ్చేసింది. కింద నీడ కూడా పెట్టాడు. గదిలో వాల్వు లేదు, కళ్ల ముందు గోడ తప్ప ఏమీ లేదు. అయినా కాగితం మీద అది శనివారం నాటిలాగే కూర్చుంది.

ఓనరు గారు రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. బావమరిది ఈసారి వంగి చూడలేదు, కిటికీ బయటికి చూస్తున్నాడు.

"అయితే ఈ పుస్తకాలన్నిట్లో ఏది నిజం?" అన్నారు ఓనరు గారు.

మా బావ మోపులోంచి ఒకటి తీసి రెండు పేజీలు తిప్పాడు. "ఇది చూసి వేశాను," అన్నాడు. ఇంకో పేజీ తిప్పి తటపటాయించాడు. దాని తర్వాతి పేజీ దగ్గర పుస్తకం మూసేశాడు. "తెలీదండి."

"తాళాలు అక్కడ పెట్టు."

నడుముకున్న ముడి ఆయనకి చప్పున రాలేదు. ఎలాగో విప్పి గుత్తి బల్ల మీద పెట్టాడు. ఓనరు గారు ఆ ఫోనులోనే కెమెరాలు పెట్టే దుకాణానికి ఫోను చేశారు. టేపక్కతో, "వెళ్లి పని చూసుకో," అన్నారు. పొరపాటైంది అన్న మాట ఆయన నోటివెంట రాలేదు. వాల్వు ఏమైందో ఆయన ఆ తర్వాత వెతికించనూ లేదు. ఎందుకు వెతికించలేదో నాకు ఒక అనుమానం ఉంది, రుజువు లేదు.

మా బావని మర్నాటి నుంచి కౌంటర్లో నా పక్కన కూర్చోమన్నారు. ఆయన తన కళ్లజోడు పెట్టె, అన్నం క్యారియరు తెచ్చుకోవడానికి గోదాములోకి వెళ్లాడు. పడిపోతాడేమోనని నేనూ వెనకే వెళ్లాను. టేపక్క అప్పటికే తన బల్ల దగ్గర పెట్టెలు ముందేసుకుని కూర్చుంది. మా బావ ఆవిడ ముందుకి వెళ్లి నిలబడ్డాడు. ఏదో మంచిమాట వస్తుందని ఆశపడ్డాడని నాకు తెలిసిపోతూనే ఉంది. తాళాలు పోగొట్టుకుని వచ్చాడు కదా.

"నా మీద కోపం పోలేదా?" అన్నాడు.

ఆవిడ తలెత్తింది. "బొమ్మ బాగుంది. రెండోది కూడా బాగుంది. అందుకే నా మెడకి చుట్టుకుంది." టేపు చివర గోరుతో వెతుక్కుంటూ అంది, "రాత్రి నా కూతురు నా సంచి తెరిచి చూసిందయ్యా. నేను లేననుకుని చూసింది."

"నేను వచ్చి చెబుతాను ఆ అమ్మాయికి."

"నువ్వు చెబితే నమ్ముతుందా?" ఆవిడ గొంతు పెద్దది కాలేదు. "ఇన్నేళ్లుగా రోజూ నన్నే అనుమానంగా చూస్తూ కూర్చున్నావు కదా. అన్ని పుస్తకాలు నింపావు. నిన్న ఓనరు గారి బల్ల మీద అన్నీ తిరగేశాను, ఎక్కడైనా నేను ఉంటానేమోనని. ర్యాకులున్నాయి, పైపులున్నాయి. ఒక్క పేజీలో నేను లేను. నేను లేని బొమ్మ చూపించి నన్ను దొంగన్నారు."

నేను ఆ పుస్తకాలన్నీ మొదటి పేజీ నుంచి తిరగేసినదాన్ని. ఆవిడ చెప్పింది నిజం. ఎక్కడో ఒకచోట ఆవిడ చెయ్యి అయినా ఉంటుందేమోనని నేను మనసులోనే పేజీలు తిప్పుకున్నాను, దొరకలేదు. ఆయనకీ దొరకలేదని ఆయన ముఖం చూస్తే తెలుస్తోంది.

టేపక్క టేపు బర్రున లాగి, పళ్లతో తెంపి, పెట్టె మూత అంటించింది. "పక్కకి జరుగు, వెలుతురుకి అడ్డం," అంది. ఆయన జరిగాడు.